ఉత్తరాంధ్రా, రాయలసీమా? సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులుంటే ఎటు వెళ్లాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో ఉంటారు, సొంత కారుంది, సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు దొరికాయి. మీరిద్దరు, ఇంటర్ చదివే పాప, పదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. ఇంట్లో సగం మంది అరకు అంటున్నారు, సగం మంది గండికోట అంటున్నారు. ఏది మంచిది, లేదా రెండూ ఒకే చుట్టులో కలిపేయొచ్చా అని.

కలపొద్దు. ఈసారికి రాయలసీమ వెళ్లండి, అందులోనూ కర్నూలు, నంద్యాల, కడప వైపు మాత్రమే. అరకుని నవంబరులో పండగలేం లేని ఒక వారానికి దాచుకోండి. రెండిట్లో ఏది అందంగా ఉంటుంది అని అడిగితే నేను సమాధానం చెప్పను, అది మామిడిపండా పనసపండా అని అడిగినట్టే. మీ ఐదుగురికి, ఆ వారంలో, ఆ కారులో ఏది కుదురుతుందో మాత్రం చెప్పగలను.

ముందు నా సంగతి. మాది ప్రొద్దుటూరు, అత్తగారిది సాలూరు. కాబట్టి పక్షపాతం ఉందనుకుంటే రెండు వైపులా ఉంది. పదమూడేళ్లుగా ఒక టెంపో ట్రావెలర్ పెట్టుకుని పదీ పన్నెండు మంది గుంపుల్ని ఈ రెండు ప్రాంతాలూ తిప్పుతున్నా, ఎక్కువగా కుటుంబాలు, రిటైరైన వాళ్లు. కుర్రాళ్ల బ్యాచ్‌లు నా దగ్గరికి రారు, పొద్దున ఐదింటికి లేపుతానని.

మొదటి కారణం రోడ్డు. హైదరాబాద్ నుంచి వైజాగ్ 600 కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్లో తెల్లవారుజామున బయల్దేరితే చీకటి పడేలోపు చేరొచ్చు. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, ఏటా టీవీలో చూపిస్తారు. ఊరికెళ్లే వాళ్లంతా ఆ దారినే పోతారు, సెలవులయ్యాక అదే దారిన తిరిగొస్తారు. రైల్లో పోదామంటే 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచిన నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది. అంటే మీ ఐదు రోజుల్లో పోను ఒకటి, రాను ఒకటి కొట్టేయండి. మిగిలిన మూడింట్లో వైజాగ్ నుంచి అరకు ఘాట్ ఎక్కడానికి ఒక పూట, దిగడానికి ఒక పూట. ఇక చేతిలో మిగిలింది రెండు రోజులు.

కర్నూలు 215 కిలోమీటర్లు. ఆ రోడ్డూ పండక్కి ఖాళీగా ఏమీ ఉండదు, కానీ ఎంత ఆలస్యమైనా భోజనాల వేళకి తుంగభద్ర దాటేస్తారు. మొదటి రోజు సాయంత్రమే ఏదో ఒకటి చూసేస్తారు. చిన్నపిల్లాడికి ఇది చాలా ముఖ్యం, రోజంతా కారులో కూర్చోబెట్టి ‘రేపు చూద్దాంలే’ అంటే వాడు ఊరుకోడు.

రెండో కారణం ఆ రోజుల్లో అరకు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా అక్కడ జనం ఎలా ఉంటారో ఫోటోల్లో కనపడదు, ఎందుకంటే ఎవరూ ట్రాఫిక్‌ని ఫోటో తీసి పెట్టుకోరు. నాలుగేళ్ల కిందట డిసెంబరు చివరి వారంలో విజయవాడ కుటుంబం ఒకదాన్ని తీసుకెళ్లా. వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరాం, బొర్రా వైపు తిరిగే దగ్గర్నుంచి బళ్లు బారులు తీరి ఉన్నాయి, అరకు చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేసింది, ఘాట్‌లో బాత్రూం ఎక్కడ దొరుకుతుందో తెలీక. మాతో ఆ మాట చెప్పలేదు. మర్నాడు కళ్లు తిరిగి మెట్ల మీద కూర్చుండిపోతే అప్పుడు కోడలు చెప్పింది. అప్పట్నుంచీ నేను పెద్దవాళ్లున్న బండిలో ప్రతి గంటన్నరకీ ఆపుతా, అవసరం ఉన్నా లేకపోయినా. మీరూ ఎటు వెళ్లినా ఇది పాటించండి, అమ్మగారిని ‘ఆపమంటారా’ అని అడగొద్దు, అడిగితే ‘అక్కర్లేదు’ అనే అంటారు. ఊరికే ఆపండి.

ఇక అసలు తేడా. నా లెక్కలో ఉత్తరాంధ్ర వాతావరణాన్ని నమ్ముకున్న ట్రిప్పు, సీమ కారుని నమ్ముకున్న ట్రిప్పు. అరకు, పాడేరు వైపు మీరు చెయ్యాల్సిన పనేమీ ఉండదు. పొగమంచు దిగితే, వలిసె (నూనెగింజల పంట) చేలు పసుప్పచ్చగా పూసి ఉంటే, కాఫీ తోటల్లో చెట్లకి అల్లుకున్న మిరియాల తీగల మధ్య నిలబడితే, అంతే, కూర్చుని చూడటమే. అదే మబ్బు కమ్మలేదనుకోండి, పూలు అయిపోయాయనుకోండి, ‘ఇంతేనా’ అంటారు. సీమలో అలా కాదు. అక్కడ ఏదీ మీ దగ్గరికి రాదు. ఒక గుడికీ ఒక కోటకీ మధ్య అరవై కిలోమీటర్లు, దారిలో శెనగ చేలు, నాపరాళ్లు నిలువుగా పాతిన కంచెలు, పలకలు కోసే ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము. వెతుక్కుంటూ వెళ్లాలి. కానీ వెళితే ఆ రాయి అక్కడే ఉంటుంది, వాన పడ్డా, మబ్బు పట్టినా, మీరు వెళ్లిన రోజు సెలవైనా.

ఈ తేడా బాగా తెలియాలంటే రెండు గుహలూ చూడాలి. బొర్రా గుహలు అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. కొండకి నోరు తెరుచుకున్నట్టు పెద్ద ద్వారం, లోపలికి దిగుతుంటే పెద్ద మండపంలోకి వెళ్లినట్టు ఉంటుంది, పైకప్పు ఎక్కడో ఉంటుంది. 1807లో విలియం కింగ్ అనే ఆయన కనిపెట్టారని రాస్తారు, అక్కడి గిరిజనుల కథ మాత్రం వేరు. పైన మేస్తున్న ఆవు చిల్లులోంచి గుహలోకి పడింది, వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి లింగం కనపడింది, ఆవు పొదుగు నుంచి పుట్టింది కాబట్టి ఏరు గోస్తని అయింది అని. ఆ గోస్తనే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాకైతే కింగ్ గారి కన్నా ఆవు కథే ఇష్టం, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి.

బెలుం దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కొలిమిగుండ్ల మండలంలో చదునైన నేల, బయట పెద్ద బుద్ధ విగ్రహం తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది. నేల మీద ఒక గుంత, దాంట్లోకి మెట్లు. కిందికి దిగాక తెలుస్తుంది, మొత్తం 3,229 మీటర్ల గుహ, అందులో ఒకటిన్నర కిలోమీటరు మేర మనం నడవొచ్చు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే దీని గురించి రాశారు, 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ల బృందం లోపలంతా తిరిగి కొలతలు తీసింది, జనానికి తెరిచింది 2002లో. అన్నిటికన్నా లోతైన చోటుని పాతాళగంగ అంటారు, ద్వారం నుంచి 46 మీటర్ల కింద. నీళ్లు ఎన్నో వేల ఏళ్లు రాతిని కోసుకుంటూ పోయిన గీతలు గోడల మీద అలలు అలలుగా కనపడతాయి. ఒకచోట రాయిని తడితే సంగీతంలా మోగుతుంది, సప్తస్వరాల గుహ అంటారు. బొర్రా అంటే తలెత్తి చూడాలి, బెలుం అంటే తల దించుకుని నడవాలి. మా బావమరిది ఆరడుగుల మనిషి, బెలుంలోంచి బయటికొచ్చాక నుదుటి మీద రెండు బొప్పులు.

అమ్మగారి మోకాళ్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అసలు నిర్ణయం ఇక్కడే ఉంది.

బొర్రాలో మెట్లు ఎక్కువ. దిగేటప్పుడు తెలీదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది, పైగా తడిగా ఉంటాయి. పాడేరు దగ్గరి వంజంగిలో మేఘాలు చూడాలంటే చీకట్లో కొండెక్కాలి, అది ఆవిడ వల్ల కాదు. అంటే అరకు వెళ్లినా ఆవిడకి మిగిలేది గదీ, పద్మాపురం తోటా, మ్యూజియమూ.

సీమలో ఆవిడ చూడలేనివి రెండున్నాయి. ఒకటి బెలుం. మెట్లు మరీ ఎక్కువేం కాదు, సమస్య ఉక్కపోత. లోపల గాలి కోసం ఏర్పాట్లున్నా చెమట ధారలు కడుతుంది. ఒకసారి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ‘నాకేం కాదు’ అని దిగి, సగం దూరంలో ఊపిరాడక గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి తీసుకొచ్చాం. ఇప్పుడు బీపీ, ఆయాసం ఉన్నవాళ్లని నేను దిగనివ్వను, తిట్టుకున్నా సరే. మీ అమ్మగారితో పాటు ఒకరు పైన చెట్టు కింద ఉండండి, మిగతావాళ్లు వచ్చాక మారండి.

రెండోది గండికోట లోయ అంచు. అక్కడికి చేరాలంటే చివర్లో బండరాళ్ల మీద ఎక్కి దిగాలి. కానీ అంచు దాకా పోనక్కర్లేదు. కోట లోపలికి కారు వెళుతుంది, జామా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం, ఇవన్నీ ఆవిడ నిదానంగా నడిచి చూడగలరు. మిగతా అన్నీ తేలిక. మహానంది, యాగంటి, దిగువ అహోబిలం, వీటిలో ఎక్కడా ఆవిడకి పెద్ద ఇబ్బంది ఉండదు. పైగా పెద్దావిడ, గుళ్లంటే ఇష్టం ఉంటుంది కదా, అరకులో ఆవిడ మీ కోసం వచ్చినట్టుంటుంది, ఇక్కడ ఆవిడ కోసం మీరు వెళ్లినట్టుంటుంది.

దారి ఇలా పెట్టుకోండి. నేనైతే ఇలాగే తీసుకెళ్తా.

మొదటి రోజు ఆరింటికి బయల్దేరి కర్నూలులో భోంచేసి, ఎండ తగ్గాక నంద్యాల రోడ్డు మీదున్న ఓర్వకల్లు రాతి వనం. వింత వింత ఆకారాల బండలు, మధ్యలో చిన్న చెరువులు, బాబు కాసేపు గెంతులేస్తాడు. కొండారెడ్డి బురుజు కర్నూలు ఊళ్లోనే ఉంది, పది నిమిషాల పని, ట్రాఫిక్ చూసి వదిలేసినా నష్టం లేదు. రాత్రికి నంద్యాల.

రెండో రోజు యాగంటి, తర్వాత బెలుం. యాగంటికి బనగానపల్లె మీదుగా వెళ్లాలి, అవును, ఆ మామిడిపండు ఊరే, జనవరిలో పండ్లు దొరకవు, అడిగి నిరాశపడొద్దు. గుడి కొండల మధ్య ఒదిగి ఉంటుంది, కోనేట్లోకి కొండలోంచి నీళ్లొస్తూనే ఉంటాయి. నంది ఏటేటా పెరుగుతోందని అంటారు, ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభం అడ్డొస్తోందని పెద్దవాళ్లు చెబుతారు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పారనే మాట మా ఇళ్లల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అక్కడ కాకులు కనపడవు అని కూడా అంటారు, మీ బాబుకి ఆ పని అప్పజెప్పండి, వెతుకుతూ ఉంటాడు. బెలుం అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అక్కడి నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట దాదాపు 60 కిలోమీటర్లు.

గండికోటని మధ్యాహ్నం చూడొద్దు. పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయే వాళ్లే ఎక్కువ, వాళ్లే తర్వాత ‘ఏముంది, రాళ్లు’ అంటారు. మా అత్తగారు కూడా మొదటిసారి అలాగే అన్నారు, తప్పు నాదే, ఒంటిగంటకి తీసుకెళ్లా. నడినెత్తిన ఎండ ఉంటే ఆ లోయకి లోతే కనపడదు, అంతా ఒకే రంగు. సాయంత్రం ఐదు తర్వాత, లేదా పొద్దున సూర్యుడు రాకముందు అక్కడ ఉండాలి. అప్పుడు ఎర్రమల కొండల రాయి ఎర్రబడుతుంది, ఒక్కో పొర విడివిడిగా కనపడుతుంది, కింద పెన్న సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది. కొండని నది గండి కొట్టిన చోటు కాబట్టి గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడి దాకా వచ్చాడు. ఆ మసీదూ ఆ గుడీ పక్కపక్కనే నిలబడి ఉండటం చూస్తే చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లకి కూడా ఏవో ప్రశ్నలు వస్తాయి. ఒక హెచ్చరిక: అంచు పొడవునా చాలాచోట్ల కంచె లేదు. మీ పాప ఫోన్ పట్టుకుని వెనక్కి నడవకుండా చూసుకోండి. నేను నవ్వుతూ రాస్తున్నా కానీ ఇది నవ్వే విషయం కాదు.

బస కోటలో టూరిజం వాళ్ల హరితలో దొరికితే అదృష్టం, లేదంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. కొన్ని ఏళ్లు జనవరిలోనే గండికోట ఉత్సవాలు పెడతారు, మీ తేదీలకి ఉన్నాయో లేవో ముందే కనుక్కుని గది మాట్లాడుకోండి. అవి ఉంటే జనం ఉంటారు, కోటకి దీపాలు పెడతారు, బాగానే ఉంటుంది గానీ ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లకి కాదు.

మూడో రోజు పొద్దున్నే మళ్లీ లోయ, తర్వాత ఏమీ పెట్టుకోకండి. నిజంగా. మధ్యాహ్నం నిద్రపోండి. ఐదు రోజుల ట్రిప్పులో మధ్యలో ఒక ఖాళీ పూట లేకపోతే నాలుగో రోజు పొద్దున కారులో గొడవలు మొదలవుతాయి, ఇది పదమూడేళ్ల అనుభవం. సాయంత్రం ప్రొద్దుటూరులో బంగారం కొట్ల వీధి తిరగండి, కొనకపోయినా పర్లేదు. మీ ఆవిడ కొనరని నేను హామీ ఇవ్వలేను.

నాలుగో రోజు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుడి గుడి, విజయనగర కాలపు మండపాలు, అమ్మగారికి ఇదే చాలు. ఎగువ అహోబిలం దాకా కారు వెళుతుంది. తొమ్మిది నరసింహ క్షేత్రాలూ చూడాలంటే నల్లమలలో నడక ఉంటుంది, జ్వాలా నరసింహుడి దగ్గరికి పోవాలంటే రాళ్లూ వాగులూ దాటాలి. పాపకీ మీకూ ఓపిక ఉంటే పొద్దున్నే ఆ ఒక్కటి చేసి రండి, తొమ్మిదీ చేద్దామని పంతం పట్టొద్దు. ఎగువ అహోబిలంలో కోతులు సంచులు లాక్కుంటాయి, పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని నడిచారా అయిపోయారు. రాత్రికి నంద్యాల, ఐదో రోజు పొద్దున మహానంది కోనేటి స్నానం, నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ నాణెం మీద బొమ్మ కనపడుతుంది, ఆ చలికి నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. పదింటికి బయల్దేరితే రాత్రికి ఇల్లు.

మీరు లేపాక్షి కూడా అన్నారు. చాలామంది దాన్ని ఇందులో ఇరికిస్తారు. లేపాక్షి నాకు చాలా ఇష్టం, వేలాడే స్తంభం కింద చున్నీ లాగి అందరూ వెళ్లిపోతారు, తలెత్తితే పైకప్పు నిండా విజయనగర కాలం నాటి రంగుల బొమ్మలుంటాయి, వాటిని ఎవరూ చూడరు. కానీ అది హిందూపురం పక్కన, గండికోట నుంచి ఒక పగలు పడుతుంది, అక్కడి నుంచి హైదరాబాద్ మరో పూర్తి పగలు. అది బెంగళూరు వాళ్ల ట్రిప్పు. మీరు ఇంకోసారి అనంతపురం వైపు విడిగా పెట్టుకోండి, తాడిపత్రి గుళ్లు, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, పెనుకొండ, లేపాక్షి, మూడు రోజులు హాయిగా సరిపోతుంది.

తిరుమల, శ్రీశైలం కూడా కలపొద్దు. శ్రీశైలంలో సంక్రాంతికి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, పైగా అడవి దారిలో రాత్రి 9కి గేట్లు వేస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. ఇది తెలీక చెక్‌పోస్టు దగ్గర కారులో పడుకున్న కుటుంబాల్ని చూశా.

నా జవాబు ఎప్పుడు తిరగబడుతుంది? మీకు కారు లేకపోతే. సీమలో బస్సులున్నాయి, కానీ బెలుం నుంచి యాగంటికి, యాగంటి నుంచి ఇంకోచోటికి బస్సుల్లో పోవాలంటే సగం రోజు స్టాండుల్లోనే అయిపోతుంది. అప్పుడు ఉత్తరాంధ్రే మేలు, ఎందుకంటే అక్కడ రైలే ఒక ట్రిప్పు. బైలదిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ రేవుకి దించడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగాలు పదుల్లో ఉంటాయి, శిమిలిగూడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి చేరుతుంది. పొద్దున్నే వైజాగ్‌లో కిరండోల్ రైలెక్కితే నాలుగు గంటల్లో అరకు. అద్దాల బోగీ టికెట్లు తొందరగా అయిపోతాయి, దొరక్కపోయినా బాధపడకండి, మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, సొరంగం గాలి మొహానికి కొడుతుంది, నాకు అదే బాగుంటుంది. వెళ్లేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు, దిగుతూ బొర్రా, కాఫీ తోటలు చూసుకుంటూ రావాలి. రెండుసార్లూ రైలెక్కితే మధ్యలో ఏదీ చూడలేరు, రెండుసార్లూ కారెక్కితే రైలు పోయింది.

నవంబరులో వెళితే ఇంకో మాట గుర్తుంచుకోండి. లంబసింగి అరకు పక్కనే అనుకుంటారు అందరూ. కాదు, అది చింతపల్లి వైపు, అరకు నుంచి పాడేరు మీదుగా ఘాట్లలో మూడు గంటల పైనే. నర్సీపట్నం నుంచి వస్తే దగ్గర. ఇక అక్కడ మంచు పడుతుందని వీడియోల్లో చెబుతారు, కశ్మీరులా తెల్లగా ఉంటుందనుకుని వెళ్లొద్దు. చలి మాత్రం నిజం, డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాములు వేళ్లు కొంకర్లు పోయేంత. మీరు చూసేది దట్టమైన పొగమంచు, గడ్డి మీద గడ్డకట్టిన మంచు బిందువులు. ఏడున్నరకి ఎండొస్తే అన్నీ మాయం. కొండెక్కే ముందు ట్యాంకు నింపుకోండి, దారి మ్యాపు ఫోన్లో ముందే దించుకోండి, సిగ్నల్ ఉంటుందని నమ్మొద్దు.

ఉత్తరాంధ్ర అంటే అరకొక్కటే కాదు అని మా ఆవిడ పక్కనుంచి పోరుతోంది, నిజమే. అమ్మగారితో వెళ్లేటప్పుడు శ్రీకాకుళం వైపు ఆలోచించండి. అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం సముద్రం, దాదాపు అన్నీ చదును నేల (శాలిహుండం ఒక్కటే గుట్ట మీద). శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలుంటాయి, ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు, పిల్లలు అక్కడి నుంచి కదలరు. దారిలో భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, ఏటికొప్పాక లక్క బొమ్మలు. అరకులో సగం జనం కూడా ఈ వైపు రారు.

కాలాల సంగతి రెండు ముక్కల్లో. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా సీమ వద్దు. ఒక మే నెలలో వద్దన్నా వినకుండా పట్టుబట్టిన గుంపుని తీసుకెళ్లా, గుడి ప్రాంగణంలో చెప్పులు విప్పాక రాతి పలకల మీద పరుగెత్తిన పిల్లాడికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పుడు బండిలో రెండు డజన్ల మందపాటి సాక్సులు ఉంచుతా. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉత్తరాంధ్ర కొండలు అన్నిటికన్నా పచ్చగా ఉంటాయి, జలపాతాలు నిండుగా ఉంటాయి, కానీ ఘాట్లలో కొండచరియలు, అక్టోబరులో తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, ఆ వారానికి మాకు బుకింగ్ ఉంది, మర్చిపోలేను.

తిండి దగ్గర మీ బాబుకి ఇబ్బంది రావొచ్చు. సీమలో కారం నిజంగా కారమే, ‘తక్కువ వెయ్యండి’ అని చెబితే వాళ్లకి తక్కువే వేస్తారు, అది మీకు ఎక్కువ. కారం దోసెకి బదులు వాడికి మామూలు దోసె, బుడ్డల (వేరుశెనగ) చట్నీ చెప్పండి. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు మీకు, అమ్మగారికి ఓళిగలు (బొబ్బట్లు) ఎక్కడైనా దొరుకుతాయి. ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జి మాత్రం వదలొద్దు, నంద్యాలలోనూ జమ్మలమడుగులోనూ బస్టాండు దగ్గరి చిన్న కొట్లలో బాగుంటుంది. హోటల్లో కాఫీ తాగి నిదానంగా వెళదామనుకుంటే తొమ్మిదిన్నరకి గిన్నె ఖాళీ, బజ్జీలు మాత్రమే మిగులుతాయి.